తెర వచ్చింది సరే, సారుకు పని తగ్గిందా?

పాలమూరు పల్లెలకు పాఠాలు చెప్పే టీవీ 1975 ఆగస్టు 1నే వచ్చింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ను ఏడాదిపాటు అడిగి తెచ్చుకుని ఇస్రో చేసిన ‘సైట్’ ప్రయోగం అది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. మన వైపు మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాలు. కోళ్ల గూళ్లకు కట్టే జాలీతో చేసిన పదడుగుల యాంటెన్నా పెట్టి, పొద్దున పూట పిల్లలకు తెలుగు కార్యక్రమాలు చూపించేవారు.

అసలు విశేషం పిల్లల కార్యక్రమాల్లో లేదు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సైన్స్ ఎలా బోధించాలో అదే టీవీతో 12 రోజుల శిక్షణ ఇచ్చారు. టీవీతోపాటు రేడియో, అచ్చు పుస్తకాలు, దగ్గరుండి ప్రయోగాలు చేయించే మనిషి కూడా ఉండేవారు. రెండు విడతల్లో దాదాపు 50 వేల మంది నేర్చుకున్నారు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది.

తర్వాత 2004లో చదువుల కోసం ఎడ్యుశాట్ ఉపగ్రహం, 2017లో తెలంగాణ ప్రభుత్వ పాఠాల చానల్ టీ-శాట్ వచ్చాయి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, పిల్లలు దూరదర్శన్ యాదగిరి చానల్‌లో పాఠాలు చూశారు. ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన ఊరు-మన బడి’ పథకంతో ఉన్నత పాఠశాలల గోడలకు డిజిటల్ తెరలూ ఎక్కాయి.

మరి అవి రోజూ వెలుగుతాయా? 45 నిమిషాల పీరియడ్‌లో తెర ఆన్ చేసి, పాస్‌వర్డ్ కొట్టి, పాఠం వెతికేసరికి పది నిమిషాలు పోతే, నడుమ కరెంటు కూడా పోతే, మర్నాడు టీచరమ్మ చాక్‌పీసే అందుకుంటుంది. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. సిలబస్ పూర్తి చేయాల్సింది ఆమె, తెర కాదు.

1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు కంప్యూటర్ వాడకంపై అధ్యయనం చేశాడు. వాడటం తేలికా అన్నదానికంటే, నా పనికి పనికొస్తుందా అన్న నమ్మకమే వాడకాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని తేల్చాడు. బడిలో తెరకూ అదే వర్తిస్తుంది. గుండె కొట్టుకోవడం నల్లబల్లపై గీస్తే కదలదు, తెరపై కదులుతుంది. అలాంటి పాఠంతో మొదలుపెట్టిన సారు రెండోసారీ తెర వేస్తారు. ఎక్కాలు చెప్పడానికి తెర వేయమంటే వేయరు, వేయనక్కర్లేదు కూడా.

మండల విద్యాధికారులు ఒక పని చేయవచ్చు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అరగంట కేటాయించి, తెరను బాగా వాడుతున్న టీచర్ చేతే తోటివారికి ఒక్క పాఠం చెప్పించాలి. చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు తెర పక్కనే రాసి పెట్టాలి.