కులం అడగని ప్రకటనలు, కులం రాయని చట్టం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఆ నోటిఫికేషన్ ప్రకారం కంపెనీల మీద పడే ముఖ్య బాధ్యతలు పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో అమలులోకి రావాలి. కంపెనీలు వకీళ్లను పెట్టుకుని తయారవుతున్నాయి. మన సంఘాల్లో మాత్రం ఇదేదో పట్నంలో చదువుకున్నోళ్ల గొడవ అన్న ఉదాసీనత కనబడుతోంది. ఫోన్ చేరని వాడ ఇవాళ దాదాపు లేదు. ఆ ఫోన్‌లో ఏ ఉద్యోగం, ఏ ఇల్లు, ఏ అప్పు మన కంట పడాలో ఎక్కడో ఎవరో నిర్ణయిస్తున్నారు. కాబట్టి ఇది మన గొడవ కూడా అని మేము భావిస్తున్నాం.

ముందు ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో చూడాలి. పేపర్లో పడిన ప్రకటన ఆ పేపరు కొన్నవాళ్లందరికీ ఒకటే. ఫోన్‌లో అట్లా కాదు. మనం ఒక పేజీ తెరిస్తే, అది పూర్తిగా కనిపించేలోపే అందులోని ఖాళీ జాగాకు వేలం జరిగిపోతుంది. సంతలో బేరగాడు ఎద్దు పళ్లు చూసి, నడక చూసి ధర కట్టినట్టు, ఇక్కడ మన ఫోన్ రకం, మనం ఉన్న చోటు, చదివే భాష, నిన్న వెతికిన మాట చూసి కంపెనీలు పాట పాడతాయి. గెలిచినవాడి ప్రకటన మనకు కనిపిస్తుంది. ఓడినవాళ్లకు కూడా మన వివరాలు చేరే ఉంటాయి, ఇది చాలామంది గమనించరు.

ఈ వేలంలో కులం అనే గడి ఉండనక్కరలేదు. తెలుగునాట ఇంటిపేరు చాలాసార్లు కులం చెప్పేస్తుంది. అది చెప్పకపోతే మనుషులు ఊరు అడుగుతారు, ఆ తర్వాత ఏ బజారని అడుగుతారు. యంత్రానికి అడిగే పని కూడా లేదు. పిన్‌కోడ్ ఊరికీ వాడకీ ఒక్కటే గానీ, ఫోన్ ఉన్న చోటు తెలిస్తే ఊరికీ వాడకీ మధ్య గీత గీయవచ్చు. సాంఘిక సంక్షేమ హాస్టల్ సీటు, ఎస్సీ కార్పొరేషన్ రుణం అని వెతికిన పిల్లవాడి కులం ఊహించడం కష్టమా? అంతదాకా పోనక్కరలేదు కూడా. 'నా దగ్గరున్న ఖాతాదారుల్లాంటి వాళ్లను వెతికిపెట్టు' అని ప్రకటన ఇచ్చేవాడు తన జాబితా అందిస్తే చాలు. ఆ జాబితా నిండా ఆధిపత్య కులాలవాళ్లే ఉంటే, యంత్రం తెచ్చేది కూడా ఎక్కువగా వాళ్లనే. ఎవరూ కులం పేరెత్తలేదు గనుక ఎవరూ దోషి కారు.

ఇది ఊహ మాత్రమే అనుకునేవాళ్లు అమెరికా అనుభవం చూడాలి. 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ విలేకరులు ఫేస్‌బుక్‌లో ఇళ్లకు సంబంధించిన ప్రకటన కొని, నల్లజాతివాళ్లకు కనిపించకూడదని ఎంచుకున్నారు. కంపెనీ ఆమోదించింది. ఇళ్ల విషయంలో జాతివివక్షను నిషేధించిన 1968 నాటి చట్టం అక్కడ ఉంది. దాని కింద 2019లో ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ అభియోగం మోపింది. 2022లో న్యాయశాఖతో కుదిరిన రాజీలో, ఇళ్ల ప్రకటనలకు 'అట్లాంటి వాళ్లను వెతికే' సాధనాన్ని ఆపడానికి కంపెనీ ఒప్పుకుంది.

ప్రైవేటు అద్దె ఇళ్లలో కులవివక్షను సూటిగా నిషేధించే అటువంటి ప్రత్యేక చట్టం మన దేశానికి లేదు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్ బస దొరక్క పార్సీ పేరుతో పార్సీల సత్రంలో దిగారు. సంగతి బయటపడ్డాక కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వం పార్సీలకే అన్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. బరోడాలో కనీసం వెళ్లగొట్టినవాళ్లు ఎదురుగా నిలబడ్డారు. పెళ్లిసంబంధాల కాలమ్‌లో 'కులపట్టింపు లేదు, ఎస్సీ ఎస్టీలు మినహా' అని అచ్చయితే, ఆ ముక్క కత్తిరించి సభలో చూపించవచ్చు. ఫోన్‌లో మనకు కనిపించకుండా పోయిన ప్రకటనను ఎట్లా కత్తిరిస్తాం?

ఈ దృష్టితో కొత్త చట్టాన్ని చదివితే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పారు. ఆ తర్వాత 2018లో శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో కులం, తెగ సున్నితమైన సమాచారం కింద ఉన్నాయి. 2019 బిల్లులోనూ ఉన్నాయి. అంతేకాదు, మనిషిని అంచనా కట్టడానికి అతని వివరాల నుంచి లాగిన ఊహ కూడా వ్యక్తిగత సమాచారమే అని ఆ బిల్లు రాసుకుంది. 2022లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. 2023 చట్టంలో సున్నితమైన సమాచారం అనే తరగతే లేదు, ఊహ గురించిన మాటా లేదు. బూట్ల సైజుకీ కులానికీ ఒకే రక్షణ! మతం, జాతి వంటి వివరాల ఆధారంగా మనిషిని అంచనా కట్టి ప్రకటనలు చూపడాన్ని యూరప్ నిషేధించింది. ఆ నియమం 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ దాదాపు అన్ని వేదికలకూ వర్తిస్తోంది. మన చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో మాత్రం వెంటాడి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. ఆ మేరకు మంచిదే. కులం విషయంలో అదే నిషేధం ఎందుకు కుదరదు?

చట్టమంతా సమ్మతి మీద నిలబడింది. నోటీసు తెలుగులో అడిగే హక్కు ఇచ్చింది, దాన్ని వాడుకోవాలి. కానీ అవసరంలో ఉన్నవాడి సమ్మతి ఏపాటిదో 2020 చివర్లో తెలంగాణలో చూశాం. అప్పుల యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని, బాకీదారుల బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తే కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లంతా 'అంగీకరిస్తున్నాను' అన్న చోట నొక్కినవాళ్లే. ఆ నంబర్ల జోలికి పోవద్దని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది 2022లో. ఇప్పుడు కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది గానీ, ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయినవాడికి పరిహారం అడగడానికి వీలిచ్చిన ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను కూడా తొలగించాలని ఈ చట్టంలోనే రాశారు.

కులం దాచుకోవాలని మేము అనడం లేదు. 2027 జనగణనలో కులాన్ని లెక్కించాలి, మనోళ్లు కులం చెప్పాలి. ఆ వివరాలను రహస్యంగా ఉంచాలని 1948 జనగణన చట్టం అంటుంది. వాటా అడగడానికి ఇచ్చే లెక్క వేరు, వేలంలో ధర కట్టడానికి లాగే లెక్క వేరు. పాలకులు ఈ రెంటినీ కలిపేస్తారు. చూడండి, కంపెనీల బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చిన ప్రభుత్వం, సమాచార హక్కు చట్టంలో 'వ్యక్తిగత సమాచారం' పేరుతో తలుపు బిగించే సవరణను మాత్రం 2025 నవంబరులోనే అమలు చేసింది. ఎస్సీ పథకాల లబ్ధిదారుల జాబితా అడిగితే ఇక ఈ మాటే అడ్డం పెడతారు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8(2) సెక్షన్ ఇంకా ఉంది. దరఖాస్తులో దాన్ని తప్పక రాయాలి.

మన సంఘాల దగ్గరా జాబితాలున్నాయి. దాడులకు గురైనవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కులధృవీకరణ పత్రాల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చట్టం సంగతి అటుంచి, బాధితుల భద్రత కోసమైనా ఇది ఆపాలి. ఇక ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ మా సూచన ఒకటి. ఒకే డిగ్రీ చదివిన ఇద్దరు, ఒకరు వాడ నుంచి, మరొకరు ఊరి నుంచి, నెలరోజులు తమ ఫోన్లలో వచ్చిన ఉద్యోగ, అద్దె ఇళ్ల, అప్పుల ప్రకటనలను తేదీ, టైముతో సహా ఫోటో తీసి పెట్టుకోవాలి. ఇద్దరితో ఏదీ తేలదు, పదిమంది చేస్తే తేడా ఉందో లేదో కొంత తెలుస్తుంది. డేటా రక్షణ బోర్డుకు పోయేముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు అబద్ధమనో, పనికిమాలినదనో తేలిస్తే మన మీదే పదివేల దాకా జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. అందుకే తేదీలున్న ఫోటోలు చేతిలో ఉండాలి, వాటి నకళ్లు ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి.