ఊజి వల అని వెతికితే దోమతెర వచ్చింది: ఫోన్లో షెడ్డు సామాను కొనేముందు



పోయిన పంటప్పుడు మా షెడ్డు కిటికీల వలలు చినిగిపోయినాయి. నాలుగో జ్వరం లేచిన పురుగులపైన అక్కడక్కడా నల్ల మచ్చలు కనబడినాయి. ఊజి పడిందని అర్థమయింది. టౌనుకు పోయే తీరిక లేక ఫోన్లోనే వెతికినాను. ఇంగ్లీషులో "ఊజి" అని కొడితే బొమ్మ తుపాకులు వచ్చినాయి. ఆ పేరుతో ఒక తుపాకీ ఉందంట! మైకులో "ఊజి వల" అంటే "ఊయల" అనుకుని పిల్లల తొట్లు చూపించింది. చివరికి "ఫ్లై నెట్" అని కొట్టి, పైన కనబడినదాన్నే ఆర్డరు పెట్టినాను.

వచ్చింది దోమతెర. పోనీ, కిటికీకి కొట్టేద్దామని విప్పుతుంటే, కవరు మీద చిన్న అక్షరాల్లో దోమలమందు కలిపి నేసిన తెర అని ఉంది. ఆ మందే దోమను చంపేది. మన పురుగు దానికంటే సున్నితం. కిటికీకి కట్టి ఉంటే ఊజి సంగతి అటుంచి, పంటే పోయేది.

నవ్వుకోవాల్సిన విషయమే, కానీ నష్టం మనదే. అందుకే ఈ వారం ఈ మాట.

*అడిగింది ఒకటి, చూపించేది ఇంకొకటి. ఎందుకు?*

వెతికే పెట్టెకు మన షెడ్డు తెలియదు. అమ్మేవాళ్ళు సరుకు పేరులో, వివరంలో రాసిన మాటలతో మనం కొట్టిన మాటను పోల్చి చూస్తుంది. అక్షరం తప్పనుకుంటే తానే దిద్దేస్తుంది. ఆ తర్వాత ఎక్కువమంది దేన్ని నొక్కినారో, దేన్ని కొన్నారో దాన్ని పైకి తెస్తుంది. డబ్బు కట్టినవాళ్ళ సరుకును వాటికంటే ముందు పెడుతుంది. దాని పక్కన "స్పాన్సర్డ్" అని సన్నగా ఉంటుంది, చూసుకోండి.

దోమతెర కొనేవాళ్ళు లక్షల్లో, ఊజి వల కొనేవాళ్ళు వందల్లో. అందుకే మన మాటకు అది వాళ్ళ సరుకు చూపిస్తుంది. నక్షత్రాలు కూడా అంతే. బ్లీచింగుకు అయిదు నక్షత్రాలు ఇచ్చినాయన బాత్రూం కడిగి ఇచ్చి ఉంటాడు, పురుగుల మనె కడిగి కాదు.

కాబట్టి మన వాడుక పేరుతో వెతకడం మానుకోవాలి. ఆ వస్తువు దేనితో చేసింది, కొలత ఎంత, అందులో ఏముంది అనేది కొట్టాలి.

*ఒక్కొక్కటిగా చూద్దాం*

*వల:* "నైలాన్ ఇన్సెక్ట్ నెట్" అని, కావలసిన వెడల్పుతో కలిపి కొట్టండి. మెష్ అంటే అంగుళానికి ఎన్ని కన్నాలు అని. ఊజి ఈగ ఇంటి ఈగకంటే కొంచెం పెద్దదే. పాలీహౌసులకు అమ్మే మరీ సన్న కన్నాల వల మనకు అక్కర లేదు, షెడ్డులో గాలి ఆడదు. "ట్రీటెడ్", "రిపెల్లెంట్" అనే మాటలు ఎక్కడ కనబడినా వదిలేయండి.

*బ్లీచింగ్:* ఉత్త "బ్లీచ్" అంటే ముఖానికి పూసుకునే క్రీములు వస్తాయి. "స్టేబుల్ బ్లీచింగ్ పౌడర్" అనండి. కవరు మీద క్లోరిన్ 30 శాతం, అంతకంటే ఎక్కువ ఉందా, ఎప్పుడు తయారయింది అనేది ఫోటో పెద్దది చేసి చదవండి. మనం 100 లీటర్ల నీళ్ళకు 2 కిలోల బ్లీచింగ్, 300 గ్రాముల సున్నం కలిపేది ఆ 30 శాతం లెక్క మీదే. 15 శాతం ఉన్న పొడి సగం ధరకే దొరికినా లాభం లేదు. అదే 2 కిలోలు కలిపితే మందు సగమే పడుతుంది, రోగం షెడ్డులోనే ఉండిపోతుంది. గాలి, తేమ తగిలితే క్లోరిన్ పోతుంది కాబట్టి పాత సరుకు వద్దు.

*సున్నం:* "లైమ్" అంటే నిమ్మకాయ సరుకులు వస్తాయి. "హైడ్రేటెడ్ లైమ్" అనాలి. అయినా దీనికి ఫోను ఎందుకు? పక్క ఊరి అంగడిలోనే చవక, కొరియరు ఖర్చు మిగులుతుంది.

*చంద్రికలు:* ఈ మాటకు చంద్రిక సబ్బు వస్తుంది! ప్లాస్టిక్ నేత్రికలు కావాలంటే "సిల్క్‌వార్మ్ మౌంటేజ్" అని వెతకండి. పొడవు, వెడల్పు రాయని సరుకు కొనవద్దు.

*మల్బరీ:* చీరలు వస్తాయి, పండ్ల మొక్కలు వస్తాయి. పండ్ల రకం మొక్క మన ఆకు తోటకు పనికిరాదు. వి-1, జి-4 లాంటి రకాల కడ్డీలను తోట కంటితో చూసి తెచ్చుకోవడమే మంచిది.

*గుడ్లు, చాకీ పురుగులు:* ఇవి ఎక్కడ కనబడినా ఫోన్లో కొనవద్దు. 2006లో సవరించిన కేంద్ర పట్టు మండలి చట్టం ప్రకారం గుడ్లు తయారుచేసేవాళ్ళు, చాకీ పెంచేవాళ్ళు రిజిస్టరు అయి ఉండాలి. పైగా కొరియరు సంచిలో ఎండకు గుడ్డు చెడిపోతుంది. రోగం ఉందో లేదో చూసినవాళ్ళెవరో కూడా మనకు తెలియదు.

*డబ్బు కట్టేముందు*

ధర కిలోకు లెక్క కట్టండి. అర కిలో 99 రూపాయలంటే చవకగా కనబడుతుంది, కిలోకు 198 పడినట్టు. 5 కిలోలు 600 అయితే కిలో 120 మాత్రమే. ముందుగా మీ పిన్‌కోడు వేసి చూడండి. పల్లెకు రాని సరుకు చూసి లాభం లేదు. సరుకు తిరిగి తీసుకుంటారా లేదా చదవండి. పార్సిలు విప్పేటప్పుడు ఒకరిని వీడియో తీయమనండి.

తప్పు సరుకు వస్తే ఊరికే ఉండిపోవద్దు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అంగడికీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పలకకపోతే 1915కు ఫోన్ చేయండి. తెలుగు, కన్నడ, తమిళం ఏదైనా మాట్లాడవచ్చు.

నా దోమతెర వాపసు పోయింది. అది వచ్చి, పోయి, డబ్బు తిరిగి వచ్చేలోపల ఊజి తన పని తాను చేసుకుపోయింది. అందుకే వలలు, మందులు పంట మొదలుపెట్టేముందే చూసుకోండి. పురుగు మేస్తున్నప్పుడు వెతికితే ఏది పైన కనబడితే అదే కొంటాం.

మీరు ఏ మాట కొడితే సరైన సరుకు దొరికిందో గ్రూపులో రాయండి. అందరికీ పనికివస్తుంది.