శస్త్రచికిత్స ముగిసిన పిదప



నేడందఱును క్యాన్సరు అని చెప్పుకొనుచున్న వ్యాధిని మన పూర్వులు రాచపుండు అనిరి. ఆ వ్యాధి స్త్రీల స్తనమునందు పుట్టినప్పుడు దానిని శస్త్రముచే తీసివేయుట వైద్యశాలలో జరుగు పని. దానిని గూర్చి చెప్పుటకు నేను వైద్యుడను గాను. బడిపంతులుగా కాలము గడపినవాడను. నేను నేడు మీతో ముచ్చటింపదలచినది ఆ స్త్రీ యింటికి మరలి వచ్చిన పిదప జరుగవలసిన పనిని గూర్చి. ఆమె యేమి తినవలెను, చేయి యెప్పుడు కదల్పవలెను, మిగిలిన చికిత్సకు పట్టణమునకు పోవలెనా వలదా, పేరంటమునకు ఆమెను పిలువవచ్చునా కూడదా అను విషయములను పల్లెలలో తరచుగా ఆమె నిర్ణయింపదు. ఇంట మాట చెల్లు పెద్దలు నిర్ణయింతురు. కావుననే యీ ప్రసంగము మిమ్ము నుద్దేశించి చేయుచున్నాను.

ఈ శస్త్రచికిత్స క్రొత్తది గాదు. 1804 లో జపాను దేశమున హనఓకా సెయిషూ అను వైద్యుడు మూలికల మందుతో రోగిని నిద్రపుచ్చి స్తనములోని గడ్డను తీసెను. అమెరికాలోని బాల్టిమోరు నగరమున హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1894 లో తన పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతిలో స్తనమును, దాని క్రింది ఱొమ్ము కండరములను, చంకలోని బిళ్ళలను అన్నింటిని కలిపి తీసివేయుచుండిరి. ఎంత యెక్కువ కోసిన అంత మేలని ఆనాటి నమ్మకము. తరువాత ఇటలీలో వెరొనేసీ, అమెరికాలో ఫిషరు అను వైద్యులు అనేక స్త్రీలను ఏండ్ల తరబడి పరిశీలించి, వ్యాధి తొలి దశలో నున్నప్పుడు గడ్డను మాత్రము తీసి రేడియేషను ఇచ్చినను ఆయువు తగ్గదని నిరూపించిరి. వారి యిరువదేండ్ల ఫలితములు 2002 లో వెలువడినవి. కావున నేడు కొందఱికి స్తనమంతయు తీయుదురు. కొందఱికి గడ్డను, దాని చుట్టు కొంత భాగమును మాత్రమే తీయుదురు. చంకలోని బిళ్ళలను సైతము కొందఱికి పెక్కు తీయుదురు. కొందఱికి ఒకటి రెండు తీసి పరీక్షించి విడుతురు. మీ యింటివారికి ఏది చేసిరో వైద్యుని అడిగి, ఆ కాగితమును భద్రముగా దాచుడు. తరువాతి జాగ్రత్తలు పెక్కు దానిపై నాధారపడును.

ఇక ఇంటికి వచ్చిన తొలి దినముల సంగతి. చాలమందికి గాయము ప్రక్కనుండి ఒక సన్నని గొట్టము, దాని కొసను ఒక సీసా ఉండును. లోపల ఊరు నీరు అందులోనికి దిగును. మొదట ఎఱ్ఱగానుండి, క్రమముగా పలుచని పసుపువన్నెకు మాఱును. ప్రతిదినము ఒకే వేళకు ఎంత నీరు దిగినదో కొలిచి వ్రాయవలెను. సాధారణముగా దినమునకు 30 మిల్లీలీటర్లకు తగ్గిన పిదప గొట్టమును వైద్యులే తీయుదురు. ఇంట ఎవరును లాగరాదు. గొట్టము తీసిన తరువాత ఆ చోట నీరు చేరి ఉబ్బినచో భయపడనక్కఱలేదు. వైద్యశాలలో సూదితో తీయగలరు. గాయము ఎఱ్ఱబడి వేడియెక్కినను, చీము కాఱినను, జ్వరము వచ్చినను ఆనాడే చూపవలెను. పసరులు, పసుపు ముద్దలు, బూడిద గాయముపై పూయరాదు.

చంకక్రింద, దండచేతి లోపలివైపున తిమ్మిరి, మంట, చీమలు ప్రాకినట్లుండుట సామాన్యము. ఆ దారిని పోవు నరము శస్త్రవేళ తెగుటయో నలుగుటయో దీనికి కారణము. కొందఱికి లేని స్తనము ఉన్నట్లును, అందు దురదయో నొప్పియో కలిగినట్లును తోచును. ఇది భ్రాంతియు గాదు, గాలిసోకుడును గాదు. తెగిన నరములు మెదడునకు పంపు వార్త. దీనిని చెప్పుకొన్నందులకు ఆమెను ఎగతాళి చేయకుడు, భూతవైద్యుని పిలువకుడు. నొప్పి తగ్గనిచో వైద్యుని యొద్ద దానికి మందు కలదు.

ఆహార విషయమున మన యిండ్లలో నొక గట్టి నమ్మకము కలదు: శస్త్రము జరిగినవారికి పప్పు పెట్టినచో చీము పట్టునని. ఇది నిజము గాదు. చీము పట్టుట సూక్ష్మజీవుల వలన. పప్పు వలన గాదు. గాయము పూడుటకు మాంసకృత్తులు వలయును. అవి పప్పులలో, పాలు పెరుగులలో, గ్రుడ్లలో, చేపలలో నున్నవి. చారన్నముతో నెల దినములు ఉంచిన పథ్యము ఆమెను బలహీనురాలిని చేయునే కాని రక్షింపదు. మధుమేహము వంటి వేఱు జబ్బులున్నచో వైద్యుడు చెప్పిన మార్పులు చేయుడు.

తరువాతిది చేతి సంగతి. ఇందు రెండు తప్పులు జరుగుచున్నవి. మొదటిది, చేయి కదల్పరాదని ఆమెను బొమ్మవలె కూర్చుండబెట్టుట. అట్లు చేసినచో భుజము బిగిసిపోవును. కొందఱికి చంకనుండి మోచేతి వఱకు త్రాళ్ళవంటి బిగువు చారలు చర్మము క్రింద కనబడును. నెమ్మదిగా సాగదీసిన కొలది అవి సడలును. మఱియొక ముఖ్య కారణము వినుడు. రేడియేషను ఇచ్చునప్పుడు చేతిని తలపైకెత్తి ఉంచవలసి యుండును. భుజము బిగిసినవారికి అది కష్టమై చికిత్సయే ఆలస్యమగును. కావున వైద్యుడు అనుమతించిన దినమునుండి వ్యాయామము జరుగవలెను. మొదట వ్రేళ్ళు ముడిచి విప్పుట, మోచేయి వంచి చాచుట, భుజములు గుండ్రముగా త్రిప్పుట. గొట్టము తీసిన పిదప తల దువ్వుకొనుట, దండెముపై చిన్న బట్టలు ఆఱవేయుట. గోడకెదురుగా నిలిచి వ్రేళ్ళతో ప్రాకుచు చేయి పైకి పోనిచ్చుట మిక్కిలి మంచిది. ఎంత యెత్తు అందినదో గోడపై సుద్దతో గీత గీయుడు. వారమునకొక పర్యాయము చూచిన, గీత పైకి పోవుచుండుట ఆమెకే కనబడి ఉత్సాహము కలుగును. ఇంటి పిల్లలకు ఈ గీతల పని అప్పగించిన మఱువరు.

రెండవ తప్పు, గాయము మానినది గదా యని వెంటనే నీళ్ళ బిందెలు మోయించుట, రోలు దంచించుట, నాట్లకు పంపుట. దీనిని తెలిసికొనుటకు మీ చేనినే తలచుకొనుడు. చేనికి నీరు తెచ్చు కాలువ యొకటి, మిగిలిన నీటిని బయటకు గొంపోవు మురుగుకాలువ యొకటి యుండును. శరీరమునందు సైతము రక్తనాళములు నీరు తెచ్చుచుండగా, శోషరస నాళములు మిగిలిన నీటిని మరల గొంపోవుచుండును. చంకలోని బిళ్ళలు ఆ మురుగుకాలువపై నున్న తూముల వంటివి. వానిని తీసివేసినప్పుడు దారి యిఱుకై, కొందఱికి చేతిలో నీరు నిలిచి వాపు కలుగును. చంకలోని బిళ్ళలను పెక్కు తీసినవారిలో సుమారు ఐదుగురిలో నొకరికి ఈ వాపు వచ్చును. ఒకటి రెండు మాత్రమే తీసినవారిలో చాల తక్కువ. ఇది నెలల తరువాతను, ఏండ్ల తరువాతను రావచ్చును.

వాపు వచ్చుటకు ముందు చేయి బరువెక్కినట్లు తోచును, ఱవిక చేయి బిగియును, ఉంగరము తిరుగదు. అప్పుడే చూపినచో అదుపునకు వచ్చును. ఏండ్లు గడచి గట్టిపడినచో పూర్తిగా తగ్గుట కష్టము. చికిత్సలో బిగువు చేతితొడుగు, ప్రత్యేకమైన కట్టు, మెల్లని మర్దనము, వ్యాయామము కలవు. ఆ మర్దనము నేర్చినవారే చేయవలెను. నూనె పోసి గట్టిగా పిసికినచో హాని. ఆ చేతికి కోతలు, కాలుట, ముండ్లు గ్రుచ్చుకొనుట తగులకుండ చూడవలెను. కత్తిపీట యొద్దను, పొయ్యి యొద్దను, మిరపకోతయందును, పశువుల పనియందును తొడుగు వేసికొనుట మేలు. చేయి హఠాత్తుగా ఎఱ్ఱబడి, కాగి, చలిజ్వరము వచ్చినచో తెల్లవాఱు వఱకు ఆగరాదు. సూదిమందులు, రక్తపుపోటు కొలతలు వీలైనంత వఱకు రెండవ చేతికి చేయింపవలెను.

అట్లని బరువనునదే జన్మమున నెత్తరాదని గాదు. వాపున్న స్త్రీలు సైతము శిక్షకుల పర్యవేక్షణలో స్వల్పమైన బరువులతో నారంభించి క్రమముగా పెంచినచో వాపు హెచ్చదని అమెరికాలో జరిగిన పరిశోధన 2009 లో ప్రకటితమైనది. మెట్టుమెట్టుగా నెక్కుటయే ఇందలి సూత్రము.

గాజుల మాట యొకటి చెప్పవలెను. వాచుచున్న చేతికి బిగువు గాజులు హాని. గాజు పగిలి గ్రుచ్చుకొన్నను హాని. రెండవ చేతికి నిండుగా వేసికొని, ఈ చేతిని విడిచిపెట్టినచో ముత్తైదువతనమునకు లోపమేమి? పెద్దముత్తైదువ యొకతె యీ మాట పదిమందిలో నన్నచో ఆ యిల్లాలికి సగము భారము తీఱును.

శస్త్రము తరువాత చాలమందికి ఇంకను చికిత్స యుండును. కీమోథెరపీ యను మందు ఎక్కించు కాలమున వాంతులు, నోటిపూత, నీరసము కలుగవచ్చును. వానికి విఱుగుడు మందులు కలవు. అన్నిటికంటె ముఖ్యము జ్వరము. ఆ మందు రక్తములోని రక్షక కణములను తగ్గించును గనుక 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో అర్ధరాత్రియైనను వైద్యశాలకు పోవలెను. ఇంట మాత్ర వేసి ఊరకుండుట ప్రాణాపాయము.

ఆ మందులలో పెక్కింటి వలన తలవెండ్రుకలు రాలును. చికిత్స ముగిసిన కొన్ని నెలలలో మరల మొలచును. మన దేశమున బోడితల వైధవ్యమునకు గుర్తుగా చూచిన కాలము కలదు. ఆ చూపు ఇంకను కొన్ని కన్నులలో మిగిలియున్నది. ఎదురు వచ్చెనని ముఖము త్రిప్పుకొనుట, శుభకార్యములకు పిలువకుండుట ఆ చూపు వలననే. తిరుమల కొండపై తలనీలాలిచ్చి వచ్చిన స్త్రీని మనము అశుభమనుచున్నామా? అచట మ్రొక్కు తీర్చుటకిచ్చినది, ఇచట ప్రాణము నిలుపుకొనుటకిచ్చినది. రెండింటిని గౌరవముతోనే చూడవలెను.

రేడియేషనును పల్లెలలో కరెంటు పెట్టుట యందురు. అది విద్యుత్తు గాదు. ఎక్స్‌రే జాతికి చెందిన కిరణము. వెలుపలి యంత్రమునుండి కిరణమిచ్చు చికిత్స వలన ఆమె యొడలిలో నేమియు నిలువదు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును, మనుమని ప్రక్కలో పండుకొనబెట్టుకొనవచ్చును. కిరణము తగిలిన చోట చర్మము కమిలి నల్లబడును. అచట గీచిన గుర్తులను చెఱుపక, మెత్తని నూలుబట్ట కట్టుకొని, చెప్పిన లేపనమే వాడవలెను. క్యాన్సరు వ్యాధియే అంటువ్యాధి గాదు. వేఱు కంచము, వేఱు గ్లాసు, వేఱు మంచము అక్కఱలేదు.

కొందఱి వ్యాధి స్త్రీ హార్మోనుల బలముతో పెరుగునట్టిది. వారికి టామాక్సిఫెన్ వంటి మాత్రలు 5 ఏండ్లు, కొందఱికి 10 ఏండ్లు ఇత్తురు. ఒంట ఆవిరులు, చెమటలు, నిద్రలేమి కలుగవచ్చును. వేఱు జాతి మాత్రలతో కీళ్ళనొప్పులు, ఎముకల బలహీనత రావచ్చును. ముట్లుడిగిన స్త్రీకి రక్తము కనబడినను, కాలు వాచి నొప్పి పుట్టినను వెంటనే చెప్పవలెను. కాని మాత్రను తమంతట తాము మానరాదు. ఇట్టి వ్యాధి గలవారు టామాక్సిఫెన్ 5 ఏండ్లు వాడినచో ఆ వ్యాధివలని మరణములు సుమారు మూడవ వంతు తగ్గునని దీర్ఘ పరిశీలనలు తేల్చినవి. ఒళ్ళు బాగుగానున్నది గదా, మాత్రలకు ఖర్చేల యను మాట ఇంటి పెద్ద నోట రాకుండుటయే ఆమెకు రక్ష. మిగిలిన స్తనమునకు ఏటేట మామోగ్రాం పరీక్ష సైతము మఱువరాదు.

కడపటిది మనస్సు. అద్దము ముందు నిలుచుటకు ఆమె వెనుకాడును; భర్త కన్నులలో తనకు చోటు తగ్గునేమో యని బెదరును; ప్రతి చిన్న నొప్పికిని వ్యాధి మరల వచ్చెనేమో యని నిద్ర పట్టదు. ఇది పిఱికితనము గాదు. భర్తకు బుద్ధి చెప్పవలసినవారు పెద్దలే. జాకెట్టు లోపల పెట్టుకొనుటకు మెత్తని దూది తొడుగు, గాయము బాగుగా మానిన పిదప బరువు గల సిలికోను తొడుగు దొరకును. అది సింగారమునకు మాత్రమే గాదు. రెండు వైపుల బరువు సరిపోయి నడుము, మెడ వంగకుండును. న్యూయార్కులో టెరీజ్ లాసర్ అను గృహిణి తనకీ శస్త్రము జరిగిన 1952 లోనే, శస్త్రము జరిగిన స్త్రీలు క్రొత్తగా జరిగినవారిని పోయి పలుకరించు పద్ధతి నారంభించెను. మన గ్రామములలోను ఈ దారిని నడచి బ్రతికి బట్టకట్టిన స్త్రీ యెవతెయైన నున్నచో, ఆమెను ఈమె యొద్దకు తోడుకొని వచ్చుడు. వైద్యుని నూఱు మాటలకంటె ఆమె తన చేయి పైకెత్తి చూపుట మేలు చేయును. దుఃఖము వారముల తరబడి తగ్గక, తిండి నిద్ర లేనిచో దానికిని వైద్యము కలదు.

పూర్వజన్మ పాపమను మాట ఆమె చెవిని వేయకుడు. ధర్మము తెలిసినవారు రోగిని విచారించి శిక్షింపరు, సేవింతురు. శస్త్రవైద్యుని పని కొన్ని గంటలలో ముగియును. మీ పని ఏండ్ల తరబడి యుండును. పప్పన్నము పెట్టించుట, గోడపై గీత గీయించుట, బిందె దింపించుట, జ్వరమునకు బండి కట్టించుట, మాత్రలకు రూకలు తీసిపెట్టుట, పేరంటమునకు తొలిబొట్టు ఆమెకు పెట్టించుట: ఇవన్నియు మీ నోటిమాటతో నగు పనులు. ఆ మాట సకాలమున ననుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.