చప్పుడు లేని బండి – పాదచారి భద్రత

1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప, గౌతమీ వశిష్ఠల నడుమనున్న కోనసీమను కాలువలు అల్లుకొనగా, అమలాపురము, రాజోలు, కొత్తపేట పరిసరములలో ఆ కాలువగట్లే అనేక గ్రామములకు రహదారులైనవి. ఒక వంక నీరు, వేరొక వంక ఇండ్లో కొబ్బరితోటలో ఉండుటచే ఇట్టి బాటలయందు నడచువారికి ప్రత్యేకముగా దారి తీయుటకు తావు చాలదు. బడికి పోవు బాలుడును, సంతనుండి మరలు ముదుసలియు బండ్లు తిరుగు తారుమీదనే నడువవలసియున్నది. వెనుకనుండి వచ్చు మోటారు సైకిలు చప్పుడు విని ఓరకు ఒదుగుటయే ఇంతకాలము వారికి రక్షణగా నుండినది. బ్యాటరీ స్కూటరు వచ్చి ఆ రక్షణను సడలించినది.

ధ్వని ఒక ప్రక్కనుండి వచ్చునపుడు రెండు చెవులను చేరుటలో గల కాలభేదము సెకనులో వేయవ వంతుకన్నను తక్కువ. అయినను ఆ స్వల్పభేదమునుండి మెదడు దిక్కును గ్రహింపగలదు. అయితే గ్రహించుటకు ముందు ధ్వని యుండవలెను గదా! పెట్రోలు ఇంజనులో ఇంధనము మండునపుడు, పొగగొట్టమునుండి వాయువులు వెలువడునపుడు పుట్టు మ్రోత విద్యుత్ మోటారులో లేదు; మిగులునది టైరు రాపిడియు, గాలి హోరును, మోటారు సన్నని కూతయు మాత్రమే. మొదటి రెండును వేగముతో పెరుగునవి కావున, జనసమ్మర్దముగల సందులలో మెల్లగా పోవునపుడే ఈ బండి మిక్కిలి నిశ్శబ్దము. ఆ సన్నని కూతయైనను వృద్ధులకు చేరుట అరుదు. వయసు మీరిన కొలది మొదట క్షీణించునది హెచ్చు స్థాయి ధ్వనులను వినుశక్తియే.

వినబడనిది తాకినపుడు కలుగు హాని వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 25 కిలోమీటర్ల వేగమున పోవు స్కూటరు గతిశక్తి, అది రెండున్నర మీటర్ల ఎత్తునుండి నేలపై పడినపుడు కలుగు శక్తితో సమానము. వేగము 50 అయినచో ఆ యెత్తు పది మీటర్లు, అనగా ఎదిగిన కొబ్బరిచెట్టంత. పాదచారికి తగులు దెబ్బలు తరచుగా రెండు: బండి తాకినది ఒకటి, నేలపై పడినది మరియొకటి. ఎముకలు పెళుసుబారిన వృద్ధులకు తుంటి విరుగుటయు, ఎవరికైనను తలకు గాయమగుటయు ఈ రెండవ దెబ్బ వలననే సంభవించుట కద్దు.

కాలిఫోర్నియాలోని రెండు ఆసుపత్రులకు 2017 సెప్టెంబరు మొదలు 2018 ఆగస్టు వరకు, నిలుచుండి నడుపు విద్యుత్ స్కూటర్ల వలన గాయపడి వచ్చిన 249 మందిలో 21 మంది వాటిని నడుపుచున్నవారు కారు. వారిలో 11 మందిని స్కూటర్లు ఢీకొనగా, ఐదుగురు దారిలో నిలిపియుంచిన స్కూటర్లు కాలికి తగిలి పడిరి. కావున అడ్డముగా నిలిపిన బండియు అపాయకరమే.

ఐరోపా సమాఖ్య 2021 జూలైనుండి క్రొత్త విద్యుత్ కారులన్నియు తక్కువ వేగమున హెచ్చరిక ధ్వని చేయవలెనని శాసించినది. కాని ఆ నియమము ద్విచక్ర వాహనములకు వర్తింపదు. మన దేశమున 250 వాట్లకు లోబడిన మోటారు కలిగి, గంటకు 25 కిలోమీటర్లు మించక, బరువు నియమమునకు లోబడిన బ్యాటరీ బండిని చట్టము మోటారు వాహనముగా నెంచదు. దానికి రిజిస్ట్రేషను గాని, నడుపువానికి లైసెన్సు గాని అక్కరలేదు. లైసెన్సు అక్కరలేకున్నను బాధ్యత తొలగిపోదు.

నడచువారు కుడి ప్రక్కన, ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు నడచుట మేలు. తలకు దెబ్బ తగిలినవాడు లేచి నడచినను, వాంతి, మగత, తీవ్రమైన తలనొప్పి కనబడిన వెంటనే 108కి తెలిపి ఆసుపత్రికి చేర్పవలెను. పుఱ్ఱె లోపలి రక్తస్రావము కొన్ని గంటల పిదప బయటపడవచ్చును. అయినను ప్రధానభారము బండి నడుపువానిదే. మీ బండి రాక ఎదుటివానికి వినబడదని ఎరిగి, మనిషి కనబడినంతనే వేగము తగ్గించి, దూరమునుండియే ఒకసారి హారను మ్రోగించి, ఎడముగా తప్పుకొని పొండు. పిల్లల చేతికి తాళపుచెవి ఇయ్యకుడు. గట్టుమీద నడచువానికి తొలగుటకు నీరు తప్ప వేరు తావు లేదని బండి నడుపు ప్రతివాడును గుర్తెరిగి మెలగవలెను.