లారీ ఎఫ్.సి.: టైర్లు చూసి సరుకెత్తాలి

గుంటూరు, చిలకలూరిపేట, పర్చూరు, ఒంగోలు ప్రాంతాల మిర్చి టిక్కీలు, పత్తి బేళ్లు ఎక్కువగా లారీలపైనే బయటికి తరలుతాయి. మిర్చి రవాణా ముమ్మరంగా సాగే నెలల్లోనే ఎండలు ముదురుతాయి. అందువల్ల కిరాయి కుదుర్చుకునేటప్పుడు ఎఫ్.సి. తేదీతోపాటు టైర్లను కూడా వ్యాపారులు పరిశీలించుకోవడం మంచిది.

1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఎఫ్.సి. లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా చెల్లనట్టే లెక్క. కొత్త లారీకి ఎఫ్.సి. 2 సంవత్సరాలు చెల్లుతుంది. లారీకి 8 సంవత్సరాలు నిండేవరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటేటా చేయించాలి.

టైర్ల సంగతి 1989 కేంద్ర నిబంధనలలోని 94వ నిబంధనలో ఉంది. లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడి అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్టు దీనికి గుర్తు. టైరు పైభాగం అరిగి ఆ గట్టుతో సమమైతే మార్చవలసిందే. లోపలి దారాలు బయటపడినా, పక్కన ఉబ్బు కనిపించినా టైరు పనికిరాదు. వల్కనైజ్ చేయకుండా పైనుంచి వేసిన అతుకు చెల్లదు. రీట్రెడ్ చేసిన టైరైనా ఇదే పరీక్షకు నిలవాలి. చక్రం డిస్కుకు పగులు, నట్లకు వదులు ఉండరాదు.

అయితే ఎఫ్.సి. తనిఖీలో చూసేది ఆనాటి టైర్లను మాత్రమే. ఎఫ్.సి. నాటికి మంచి టైర్లు తొడిగి, పని కాగానే పాతవి బిగించుకునేవారు కొందరుంటారు. కాగితం నికరంగా ఉన్నా చక్రం నికరంగా ఉందనలేం.

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి పొరలు విడిపోయి పగులుతుంది. వెనుక జంట చక్రాలలో ఒకదానికి గాలి తగ్గితే దాని బరువు రెండోదానిపై పడుతుంది. గాలి కొలత ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దారిలో వేడెక్కిన టైరు నుంచి గాలి తీయరాదు.

నాలుగు టైర్ల వెనుక యాక్సిల్‌కు పరిమితిని 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. అయినా ఏ లారీకైనా ఆర్.సి.లో రాసిన మొత్తం బరువే హద్దు. పరిమితి పెరిగిందని పాత టైర్లపై అదనపు టిక్కీలు వేయడం క్షేమం కాదు.

క్వింటాలు మిర్చి రూ. 15,000 అనుకుంటే 10 టన్నుల లోడు విలువ రూ. 15 లక్షలు. లారీ దారిలో నిలిచిపోతే గడువు తప్పుతుంది, ధర మారవచ్చు. బీమా పరిహారం అడిగినప్పుడు ఎఫ్.సి. లేకపోవడం చిక్కు తేవచ్చు. కనుక ఎఫ్.సి. నకలు తీసుకొని, స్టెప్నీతో సహా ప్రతి టైరునూ చూసిన తర్వాతే హమాలీలను పిలవడం మేలు.