బస్సు తప్పితే హీరో రాడు!

సినిమాలో హీరోయిన్‌కి బస్సు తప్పితే హీరో జీపుతో ప్రత్యక్షం! ఆదోని–ఎమ్మిగనూరు మధ్య రోజూ తిరిగే మన టీచరమ్మలకూ, నర్సులకూ, బ్యాంకు ఉద్యోగినులకూ ఆ అదృష్టం లేదు. అందుకే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

ఎమ్మిగనూరుకు రైలు లేదు, ఆదోనిలో దిగాల్సిందే. రాత్రి రైలుకు వచ్చేవారు ఆఖరి బస్సు వేళ ముందే కనుక్కోండి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపి జీరో టిక్కెట్టు తీసుకోవాలి. చిల్లర మాత్రం మరవొద్దు... ఆటో ఉచితం కాదు కదా!

ఎవడైనా వెకిలి వేషాలేస్తే సిగ్గుపడి సీటు మారకండి. కండక్టర్ని గట్టిగా పిలవండి. 112కో, 181కో ఫోన్ చేయండి. రైల్లో అయితే 139.

"ఇంత తిరుగుడెందుకు, ఉద్యోగం మానెయ్" అనే పెద్దలుంటారు. మానాల్సింది ఉద్యోగం కాదు, భయం!