సిబిల్‌కు కనిపించని బాకీ

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు దగ్గరగా ఒక ఇల్లు బేరానికి వచ్చిందనుకుందాం. ధర నచ్చింది, బయానా ఇచ్చారు. మీ సిబిల్ స్కోరు 780. జీతం చీటీలు, ఐటీ రిటర్నులు అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా కొద్ది రోజులకే బ్యాంకు నుంచి కబురు వచ్చింది: లీగల్ ఒపీనియన్ అనుకూలంగా లేదు, లోన్ ఇవ్వలేం. మీరు ఎవరికీ రూపాయి బాకీ లేరు. బాకీ పడింది ఇల్లు.

ఇల్లు బాకీ పడటమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. పన్ను బాకీ మనిషి పేరుకన్నా ఆస్తికే గట్టిగా అంటుకుంటుంది. ఆస్తి చేతులు మారితే దాంతోపాటే ప్రయాణిస్తుంది. ఈ సంగతి తెలియక స్కోరు ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది.

సంతకం లేని తాకట్టు

మనమెరిగిన తాకట్టుకు ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, కాగితం, సంతకం కావాలి. పన్ను బాకీకి ఇవేవీ అక్కర్లేదు. చట్టం చెప్పిన మేరకు ఆస్తి మీద ప్రభుత్వానికి హక్కు దానంతటదే ఏర్పడుతుంది. అమెరికాలో దీన్ని ట్యాక్స్ లీన్ అంటారు. మన చట్టాలు చార్జి అంటాయి. తెలుగులో భారం.

భారం వేరు, జప్తు వేరు. భారం ఉన్నా ఇంట్లో మీరే ఉంటారు, అద్దె మీరే తీసుకుంటారు. ఆస్తి చేతులు మారకుండా కట్టేస్తే అది జప్తు. ఆ తర్వాతి మెట్టు వేలం.

మన దగ్గర పన్ను బాకీ ఆస్తికి మూడు దారుల్లో అంటుకుంటుంది. మొదటిది ఇంటి పన్ను. అది ఆ భవనం మీదా, నేల మీదా తొలి భారమన్నది మున్సిపల్ చట్టాల్లో పాతుకుపోయిన సూత్రం. గడువు దాటితే నెలకు 2 శాతం అపరాధ వడ్డీ పడుతుంది. అంటే ఊళ్లో వడ్డీ వ్యాపారి లెక్కలో నూటికి రెండు రూపాయలు. వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా సరిగ్గా 50 నెలల్లో వడ్డీ అసలుతో సమానమవుతుంది. పదివేల బాకీ నాలుగేళ్లు దాటేసరికి ఇరవై వేలు!

రెండోది జీఎస్టీ. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని 82వ సెక్షన్ ప్రకారం వ్యాపారి కట్టాల్సిన పన్ను, వడ్డీ, జరిమానా అతని ఆస్తి మీద తొలి భారం. దివాలా చట్టం పరిధిలోకి వచ్చే కేసులకు మాత్రమే మినహాయింపు.

మూడోది ఆదాయపు పన్ను. డిమాండు నోటీసు అందాక కట్టడానికి మామూలుగా 30 రోజుల గడువు. దాటితే నెలకు 1 శాతం, అంటే రూపాయి వడ్డీ. 1961 నాటి చట్టంలో 281వ సెక్షన్‌గా వచ్చిన నిబంధన ఒకటుంది. పన్ను విచారణ నడుస్తుండగా ఆస్తి అమ్మినా, తాకట్టు పెట్టినా ఆ బాకీ విషయంలో అది చెల్లదని దాని సారాంశం. విచారణ సంగతి తెలియకుండా తగిన ధర ఇచ్చి కొన్నవారికీ, అధికారి ముందస్తు అనుమతితో జరిగిన అమ్మకాలకూ రక్షణ ఉంది. అమ్మకం చెల్లదని పన్ను వసూలు అధికారి తనంతట తాను ప్రకటించలేడని, అందుకు శాఖ సివిల్ కోర్టుకు వెళ్లాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది.

ఆదాయపు పన్ను జప్తు విషయంలో మరో మెలిక ఉంది. వసూలు అధికారి నోటీసు జనవరిలో అందింది, జప్తు ఉత్తర్వు మార్చిలో వచ్చిందనుకోండి. చట్టం దృష్టిలో జప్తు జనవరి నుంచే అమల్లో ఉన్నట్టు. మధ్యలో ఫిబ్రవరిలో కొన్నవాడు చిక్కులో పడతాడు.

తూము దగ్గర ఎవరు ముందు

ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిదని చెప్పుకునే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కింద ఎవరి పొలానికి ముందు నీరు పారాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో, వేలం డబ్బు ఎవరికి ముందు చేరాలన్నదీ అంతే పెద్ద ప్రశ్న. అప్పిచ్చిన బ్యాంకుకా, పన్ను శాఖకా?

దీనికోసం దేశమంతటికీ ఒక రిజిస్ట్రీ ఉంది. పేరు సెర్సాయ్. 2011లో మొదలైంది. బ్యాంకులు తమ తాకట్టులను ఇందులో నమోదు చేస్తాయి. 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చిన, బ్యాంకు బాకీల వసూలుకు సంబంధించిన సర్ఫేసీ చట్ట సవరణల ప్రకారం, అలా నమోదు చేసుకున్న బ్యాంకు బాకీకి పన్నులకన్నా ముందు వరుస దక్కుతుంది. పన్ను శాఖలూ తమ జప్తు ఉత్తర్వులను ఇందులో నమోదు చేయాలి. నమోదైతే లోకమంతటికీ తెలిసినట్టే లెక్క. తక్కువ రుసుముతో ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఇక మనకు బాగా తెలిసింది ఈసీ. రిజిస్టరైన పత్రాల చరిత్ర అందులో దొరుకుతుంది. రిజిస్టరు కాని ఇంటి పన్ను బకాయి అందులో కనపడదు. ఈసీలో ఏమీ లేదంటే భారమే లేదని అర్థం కాదు. అందుకే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద ఉండే నిషేధిత జాబితానూ చూడాలి. పన్ను చట్టాల కింద జప్తయిన ఆస్తులను సైతం ఆ జాబితాలో చేర్చే వీలుంది. చేరితే సబ్ రిజిస్ట్రార్ ఆ పత్రాన్ని ముట్టుకోడు.

స్కోరుకు ఏం తెలుసు?

సిబిల్ 2000లో పుట్టింది. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద ఇప్పుడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు పనిచేస్తున్నాయి. వాటికి లెక్కలు పంపేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, కార్డు సంస్థలు. మున్సిపాలిటీ పంపదు, ఐటీ శాఖ పంపదు. కాబట్టి పన్ను బాకీ పడినంత మాత్రాన 300 నుంచి 900 మధ్య ఉండే మీ స్కోరు ఒక్క అంకె కూడా కదలదు.

దెబ్బ పక్కదారిలో వస్తుంది. పన్ను శాఖ బ్యాంకు ఖాతాను జప్తు చేసిందనుకోండి. అదే ఖాతా నుంచి ఇంటి లోన్ ఈఎంఐ పోతుంటే ఆ నెల కిస్తీ బౌన్స్ అవుతుంది. బ్యాంకు రికార్డులో ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె పడుతుంది. ఆ అంకె క్రెడిట్ నివేదికకు చేరుతుంది, స్కోరు జారుతుంది. 90 రోజులు దాటితే ఆ లోను మొండి బాకీ. స్కోరుకు కారణం కనపడదు, ఫలితం మాత్రమే కనిపిస్తుంది.

అమెరికాలో ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. పన్ను లీన్ నేరుగా క్రెడిట్ నివేదికకు ఎక్కేది, బాకీ తీర్చాక కూడా ఏడేళ్లపాటు మచ్చగా మిగిలేది. ఆ రికార్డుల్లో మనిషిని కచ్చితంగా గుర్తించే వివరాలు చాలక ఒకరి లీన్ మరొకరి నివేదికలోకి చేరే ప్రమాదం ఉండేది. 2017 జూలైలో తొలగింపు మొదలై, 2018 ఏప్రిల్ నాటికి మూడు పెద్ద సంస్థలూ వాటన్నిటినీ తీసేశాయి. అలాగని అక్కడున్న మన పిల్లలు నిశ్చింతగా ఉండకూడదు. లీన్ నోటీసు ప్రజా రికార్డుల్లో ఉంటుంది, ఇంటి లోన్ ఇచ్చేవాళ్లు వెతికి పట్టుకుంటారు. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో పన్ను శాఖ ఆ లీన్‌ను విడుదల చేయాలి.

తెలియక కొన్నవాడి గతి

పాత యజమాని ఎగ్గొట్టిన ఇంటి పన్ను కొత్తవాడి నెత్తిన పడాలా? 1971లో అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. బకాయి సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవారి చేతిలోని ఆస్తి మీద ఆ భారాన్ని అమలు చేయాలంటే, చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉండాలంది. కొన్నవారికి అన్నీ తెలిసే ఉంటాయని గంపగుత్తగా అనుకోవడానికి వీల్లేదంది. అయితే ఒక హెచ్చరిక. అడగాల్సింది కావాలని అడక్కపోయినా, ఘోరమైన నిర్లక్ష్యం చూపినా తెలిసినట్టే లెక్క అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది. కోర్టులో గెలవడానికి ఏళ్లు పడుతుంది. మున్సిపాలిటీ కౌంటరు దగ్గర అడగడానికి ఒక్క పూట చాలు.

కాబట్టి బయానాకు ముందే నాలుగు కాగితాలు అడగండి: తాజా ఇంటి పన్ను రసీదు, ఈసీ, నిషేధిత జాబితాలో లేదన్న నిర్ధారణ, సెర్సాయ్ నివేదిక. అమ్మేది వ్యాపారి అయితే ఆదాయపు పన్ను, జీఎస్టీ బకాయిలు లేవని రాతపూర్వకంగా తీసుకుని సేల్ డీడ్‌లో ఆ మాట రాయించండి.

బాకీ మీదే అయితే నోటీసును బీరువాలో పడేయకండి. డిమాండు తప్పయితే గడువులోగా అప్పీలు చేయండి. సరైనదే అయితే వాయిదాలు అడగండి. కొత్త ఏడాది ఇంటి పన్నును ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ. పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేసే పథకాన్ని ప్రభుత్వం గతంలో ప్రకటించింది. అలాంటిది వస్తే వదులుకోకండి. బాకీ తీరాక జప్తు ఎత్తేసిన ఉత్తర్వు చేతికి తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో, బ్యాంకులో, సెర్సాయ్‌లో పాత నమోదు తొలగిందో లేదో మీరే చూసుకోండి.

నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీ హక్కు. స్కోరు మీ గురించి చెబుతుంది, మీరు కొనే ఇంటి గురించి చెప్పదు. ఇంటి సంగతి ఇంటి కాగితాలనే అడగండి, అదీ బయానా ఇవ్వకముందే.